పాత చీరల బొంత, దాని మీద తెలుగు పేరు

మా ఇంట్లో కంప్యూటర్‌లో గీసిన ఆకారాన్ని కోసిపెట్టే కటింగ్ మెషీన్ ఉందని తెలిస్తే చాలు, అందరూ అడిగేది ఒకటే: "బ్లౌజులు కత్తిరిస్తుందా?" బ్లౌజుల కోసమైతే కొనొద్దనే చెప్తాను. నా మెషీన్‌కి గుడ్డ పరిచే జిగురు మ్యాట్‌లలో పెద్దది కూడా 12 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవే. పైగా అది ఒక్క పొరనే కోస్తుంది, మనలాగా గుడ్డ మడతపెట్టి కత్తిరించడం కుదరదు. మడత లేకుండా పరిస్తే బ్లౌజు వెనక భాగం అందులో పట్టదు. నడుమ అతుకు వేసి తంటాలు పడేకంటే టైలర్ చేతిలో కత్తెరే నయం.

నేను చెన్నై పెరంబూరులో ఉంటూ పసిపిల్లలకు బొంతలు కుడతాను. ఇక్కడి తెలుగువాళ్లు అమ్మమ్మలు, నానమ్మలు కట్టిన నేత చీరలు తెచ్చిస్తారు. ఉతికి ఉతికి మెత్తబడిన మంగళగిరి, వెంకటగిరి చీరలంటే నాకు ప్రాణం. అడుగున వేసే కాటన్ గుడ్డ మాత్రం ఇక్కడి ప్యారీస్ కార్నర్‌లోని గోడౌన్ స్ట్రీట్‌కి వెళ్లి తెచ్చుకుంటాను. బొంతలో చదరపు ముక్కలకు మెషీన్ జోలికి పోను. నాలుగు పొరలు పేర్చి, స్కేలు పెట్టి రోటరీ కట్టర్‌తో లాగితే అంతకంటే త్వరగా తెగుతాయి. మెషీన్ ఉన్నది మామిడి పిందెలకీ, చిలకలకీ, అన్నిటికంటే ముఖ్యంగా పాప పేరుకీ.

నా దగ్గరున్నది క్రికట్ మేకర్. 2017లో వచ్చిన రకం. ఇందులో గుడ్డకు రెండు బ్లేడ్లున్నాయి. చక్రంలా దొర్లుతూ కోసేది ఒకటి. దీనికి గుడ్డ వెనక ఏమీ అంటించక్కర్లేదు, పోగులు లాగదు. కానీ మలుపు తిరగడానికి చోటు కావాలి, ముప్పావు అంగుళం కంటే చిన్న ఆకారాలు దాంతో సరిగ్గా రావు. రెండోది మొనతో గీసుకుంటూ పోయేది. దీనికి గుడ్డ వెనక ఫ్యూజిబుల్ వెబ్, అంటే ఇస్త్రీ వేడికి అతుక్కునే జిగురు పొర, అంటించి తీరాలి, లేకపోతే మొన పోగుల్ని ఈడ్చేస్తుంది. తెలుగు అక్షరాల మెలికలు సన్నం కాబట్టి పేర్లకు నేను ఎప్పుడూ ఈ రెండోదే వాడతాను.

ఏ బ్లేడైనా గుడ్డ తయారీలోనే సగం పని ఉంది. పాత చీరను ఉతికి, పలచటి గంజి పెట్టి, ఇస్త్రీ చేస్తాను. ఇస్త్రీ పెట్టెను నిలువుగా గానీ అడ్డంగా గానీ నడపాలి, ఏటవాలుగా లాగితే మెత్తటి నేత సాగిపోతుంది. చెన్నైలో వానలు పట్టుకున్న నవంబరులో గంజి పెట్టిన గుడ్డ కూడా కాసేపటికే మెత్తబడుతుంది. అందుకే మ్యాట్ మీద వేసే ముందు మళ్లీ ఓసారి ఇస్త్రీ. మ్యాట్ జిగురును చేత్తో ముట్టుకోవద్దు, వేళ్ల జిడ్డుకి అతుకు పోతుంది. మిగిలిన పోగుల్ని చిమటాతో ఏరుకోవాలి.

ఇక పేరు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైపు చేస్తే గుణింతాలు, ఒత్తులు విడిపోయి వస్తాయి. ఇంక్‌స్కేప్‌లో ఆ బాధ లేదు, పైగా ఉచితం. రామభద్ర లాంటి లావుపాటి ఫాంట్ ఎంచుకుని పేరు రాసి, దాన్ని పాత్‌గా (అంటే వట్టి గీతలుగా) మార్చి, ఒకదాని మీద ఒకటి పడిన గీతల్ని యూనియన్ చేయాలి, అంటే ఒక్క ఆకారంగా కలపాలి. ఈ యూనియన్ చేయకపోతే అక్షరం మధ్యలో కూడా బ్లేడు కోసేస్తుంది. తర్వాత ఎస్‌వీజీ అనే గీతల బొమ్మ ఫైలుగా సేవ్ చేసుకుంటే మెషీన్ తీసుకుంటుంది.

పవన్ అనే పేరు చూడండి. 'ప'లో తలకట్టు ఒంటికి అంటదు, 'వ'లో అంటుతుంది. విడి ముక్క రాలిపోతుందని 'ప'కి సన్నటి వంతెన వేశామో, అది 'వ' అయి కూర్చుంటుంది. అంచేత అక్కడ ఖాళీ ఉండాల్సిందే. పద్మ అంటే 'ద' కింద మ ఒత్తు విడిగా వస్తుంది. ఇలా విడివిడిగా వచ్చే ముక్కల కోసం అదే ఫైలును చార్టు కాగితం మీద కూడా కోస్తాను. ఆ కాగితం బొంత మీద పరిచి, రంధ్రాల్లో అక్షరాలు అమర్చి, కాగితం మెల్లగా లేపేసి ఇస్త్రీ పెడితే ఒత్తు ఎక్కడుండాలో అక్కడే అతుక్కుంటుంది. ఈ ఊళ్లో పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు నేర్చుకుంటారు. కప్పుకునే బొంత మీదైనా వాళ్ల పేరు తెలుగులో తప్పు లేకుండా ఉండాలని నా పట్టుదల.

జిగురు ఒక్కదాన్నే నమ్మకండి, ఉతుకుల్లో అంచులు లేస్తాయి. అక్షరం చుట్టూ దగ్గర దగ్గరగా జిగ్‌జాగ్ వేయాలి. 'వ' కడుపు దగ్గర మలుపు వచ్చినప్పుడు సూది అక్షరం బయటివైపు గుడ్డలో దిగి ఉండగా ఆపి, కుట్టు మిషన్ పాదం ఎత్తి, గుడ్డ కాస్త తిప్పి మళ్లీ కుట్టాలి. ఒక్క అక్షరానికి ఎన్నో సార్లు ఆపాల్సి వస్తుంది. తొందరపడితే గుండ్రం కాస్తా మూలలు తేలుతుంది.

మా పక్కింటి తమిళావిడ తన మనవడి పేరు తమిళంలో కావాలని ఈమధ్యే అడిగింది. ఇంక్‌స్కేప్‌లో తమిళమూ చక్కగానే వస్తుంది. ఒత్తులు లేవు గానీ అక్షరాల మీద చుక్కలున్నాయి. నేను వేసే సైజులో అవి ఏ బ్లేడుకీ అందవు. వాటిని దారంతో ముడికుట్టు వేసి పెట్టాలనుకుంటున్నాను, రంగు కూడా ఆవిడ చీర అంచుదే.