జిన్‌జియాంగ్ ఎయిర్‌పోర్టులో ఒక కప్పు తే

చైనాలో లోకల్ ఫ్లైట్ ఎక్కబోయేవాళ్లు ముందు మీ పవర్ బ్యాంక్ తిప్పి చూసుకోండి. దాని మీద 3సీ ముద్ర, అంటే చైనా ప్రభుత్వం ఇచ్చే సేఫ్టీ సర్టిఫికెట్ గుర్తు, లేకపోతే సెక్యూరిటీ దాటనివ్వరు. 2025 జూన్ 28 నుంచి దేశమంతటా ఇదే రూల్. నాకు ఈ సంగతి చైనా ఆగ్నేయ తీరంలోని చువాన్‌జౌ ఊరి ఎయిర్‌పోర్టు జిన్‌జియాంగ్‌లో, బ్యాగు స్కానర్‌లోకి వెళ్లాక తెలిసింది.

హైదరాబాద్‌లో నా పవర్ బ్యాంక్‌ను ఎవరూ ఆపలేదు. హాంకాంగ్ దాకా విమానంలో, అక్కడి నుంచి రైల్లో నాతోనే వచ్చింది. 20,000 ఎంఏహెచ్, అంటే 74 వాట్ అవర్లు. వంద లోపు ఉంటే చాలని ధీమాగా ఉన్నాను. టికెట్ కొన్న వెబ్‌సైట్లో కూడా ఈ ముక్క ఎక్కడా కనిపించలేదు. సెక్యూరిటీ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన ఫోన్‌లో ఇంగ్లిష్‌లోకి మార్చి చూపించి, పక్కనున్న డబ్బాలో వేసింది. ఆమె తప్పేం లేదు, మర్యాదగానే చెప్పింది. పోయిన 1,800 రూపాయల కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది నా ఫోన్. 9 శాతమే ఉంది. చార్జర్ పెద్ద సూట్‌కేసులో పెట్టి పంపించేశాను.

చైనాలో ఫోన్ ఆగిపోతే ఎలా ఉంటుందో వెళ్లొచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు. డబ్బులు అలీపే యాప్‌లో, ట్యాక్సీ దీదీ అనే యాప్‌లో, షాంఘై హోటల్ పేరు చైనీస్‌లో ఉన్న ఫొటో గ్యాలరీలో. పవర్ బ్యాంకులు అద్దెకిచ్చే మిషన్ ఒకటి కనిపిస్తే పరుగున వెళ్లి స్కాన్ చేశాను. చైనా ఫోన్ నంబర్ అడిగింది. ఆ కాసేపటికే 6 శాతానికి వచ్చింది. అప్పుడే బోర్డు మీద సమయం మారింది. షాంఘైలో వానట, రెండు గంటలు లేటు.

ఆకలికి నూడుల్స్ చూస్తే 58 యువాన్లు. దాదాపు 700 రూపాయలు! ముందు రోజు ఊళ్లో మియెన్‌షియెన్‌హు, అంటే సన్న సేమ్యాను చిక్కటి గంజిలా కాచి ఇచ్చేది, 12 యువాన్లకే కడుపునిండా తిన్నాను. జేబులో నోట్లుగా ఉన్న మొత్తం 200 యువాన్లు షాంఘైలో ట్యాక్సీకి ఉంచుకుందామని ఆగిపోయాను.

ఇంకెప్పుడైనా అయితే నాకు నచ్చే ఎయిర్‌పోర్టే ఇది. మా విశాఖ ఎయిర్‌పోర్టు గుర్తొచ్చింది. మాది నేవీవాళ్ల ఐఎన్ఎస్ డేగాలో ఉన్నట్టే, ఇక్కడా రన్‌వేను మిలిటరీ, మామూలు విమానాలు కలిసి వాడుకుంటాయి. ఊరు డజను కిలోమీటర్ల దూరమే. సముద్రం దగ్గర్లోనే. ఆ ఊరికి నేను వెళ్లింది కూడా ఒక విధంగా మా సింహాచలం స్వామి కోసమే. చువాన్‌జౌ మ్యూజియంలో నరసింహస్వామి శిల్పం ఉంది, ఏడు వందల ఏళ్ల కిందట ఇక్కడ స్థిరపడిన తమిళ వర్తకుల నాటిది. ఆ నాలుగు రోజుల గురించి ఇంకోసారి రాస్తాను.

వేడినీళ్ల మిషన్ దగ్గర నిలబడి దిక్కులు చూస్తుంటే, డెబ్బై ఏళ్లుండే ఒకావిడ ఇంగ్లిష్‌లో పలకరించారు. "ఏమైంది బాబూ?" అన్నట్టుగా ఉంది ఆ గొంతు. ఫోన్ చూపించాను. ఏమీ అనకుండా చేతిసంచిలోంచి చార్జర్ తీసి, కుర్చీ కింద ప్లగ్గు ఎక్కడుందో చూపించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఆవిడది మనీలా. తాతగారిది జిన్‌జియాంగ్ దగ్గర పల్లె. ఫిలిప్పీన్స్‌లోని చైనీయుల్లో చాలామంది మూలాలు ఈ చుట్టుపక్కలవేనట. వాళ్ల వంశం మందిరంలో దీపం పెట్టి, షాంఘైలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నారు. తాత పుట్టిన ఇల్లు పడిపోయిందని, గుమ్మం రాయి మాత్రం మిగిలిందని, దాని మీద కాసేపు కూర్చొని వచ్చానని చెప్పారు. శ్రీకాకుళం దగ్గర మా నాయనమ్మ వాళ్ల ఇల్లు అమ్మేశాక నేను ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు. ఆ మాట ఆంటీతో అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

రెండు కాగితం కప్పుల్లో పొట్లం చింపి ఆకు వేశారు. ఈ జిల్లాలోనే అన్‌షీలో పండే టియెగ్వాన్‌యిన్ అనే రకం టీ. మిషన్‌లోంచి మరిగే నీళ్లు పట్టి, నాకో కప్పు ఇస్తూ "తే" అన్నారు.

నేను మళ్లీ అడిగాను. "తే" అనే అన్నారు. టీని మాండరిన్‌లో ఛా అంటారు, ఈ తీరం వైపు మాట్లాడే మా మిన్నాన్ మాటలో తే అని చెప్పారు. నేల దారిన వెళ్లిన ఛా మనకు చాయ్ అయింది. ఈ తీరం నుంచి డచ్చివాళ్ల ఓడలెక్కిన తే ఇంగ్లిష్‌వాళ్లకు టీ అయింది. ఇదంతా ఎప్పుడో చదివాను. కానీ ఆ కప్పు పట్టుకున్నప్పుడు నాకు వినబడింది మా నాయనమ్మ గొంతు, "తేయాకు పొట్లం పట్రా నాన్నా" అని కొట్టుకు పంపించే గొంతు. ఆంటీకి "తే... యాకు" అని విడదీసి చెప్పాను. ఆవిడ రెండుసార్లు పలికి చూసుకున్నారు.

పాలూ చక్కెరా లేని టీ నేను తాగలేను. అది మాత్రం మూడు కప్పులు తాగాను.

బోర్డింగ్ పిలిచేటప్పటికి ఫోన్ 78 శాతం. ఆవిడ సీటు ఎక్కడో ముందు, నాది వెనకాల. మిలిటరీ రన్‌వే కాబట్టి కిటికీ తెరలు దించమన్నారు, సముద్రం చూడలేకపోయాను. షాంఘైలో సామాను తీసుకుని బయటికొచ్చాక కూతురితో కనబడి, రెండు పొట్లాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

వైజాగ్ వచ్చాక ఒకటి అమ్మకు కాచి ఇచ్చాను. పాలేవిరా అంది. రెండోది శ్రీకాకుళం వెళ్లేటప్పుడు తీసుకెళ్దామని ఉంచాను.