37 పౌండ్ల అప్లికేషన్

ఇవాళ బుధవారం, నాకు సెలవు. పేరుకే సెలవు. మందు అమ్మే లైసెన్సుకి అప్లికేషన్ పెట్టాలి, అదీ డీబీఎస్ సర్టిఫికెట్, అంటే నా మీద కేసుల్లేవనే కాగితం, ఇచ్చిన నెలలోపే. ఆ గడువేమో ఎల్లుండితో అయిపోతుంది. దాటితే మళ్ళీ డబ్బు కట్టి, ఆ కాగితం మళ్ళీ తెచ్చుకోవాలి. మూడు వారాలు కదలకుండా కూర్చుని చివర్లో టెన్షన్ పడటం నాకు ఇంటర్ నుంచీ అలవాటే.

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో చిన్న కార్నర్ షాపు మాది. మాదంటే నేను పనిచేసేది. ఓనర్ గుజరాతీ పెద్దాయన. మోకాళ్ళు సహకరించడం లేదు, "పర్సనల్ లైసెన్స్ తీసుకో బేటా, షాపు బాధ్యత నీ పేరు మీద పెడతా" అని సంక్రాంతి నుంచీ ఒకటే పోరు. ఇక్కడ మందు అమ్మడానికి షాపుకో లైసెన్సు, మనిషికో లైసెన్సు. బిల్లు కొట్టే టిల్ దగ్గర నిలబడే ప్రతివాళ్ళకీ అక్కర్లేదు గానీ, జరిగే ప్రతి అమ్మకం వెనకా లైసెన్సున్న మనిషి అనుమతి ఉండాలి. ఒకసారి వస్తే ఇక రెన్యువల్ గొడవ లేదు, పదేళ్ళ గడువును 2015లో ఎత్తేశారు.

పరీక్ష పోయిన నెలలోనే అయింది. 40 నిమిషాల్లో 40 ప్రశ్నలు, 28 వస్తే పాసు. నాకు 36. పెద్దవాళ్ళతో కూర్చుని భోంచేస్తూ పదహారేళ్ళ పిల్లలు బీరు తాగొచ్చా అని అడిగితే, ఛీ, తాగకూడదు అని పెట్టా. తాగొచ్చట, పెద్దవాళ్ళు కొనిస్తే. నెల్లూరు బుర్రకి ఎక్కలేదు.

అసలు చిక్కు పేరుతో వచ్చింది. కోర్సు వాళ్ళ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, డీబీఎస్‌లో వెనక. ఇద్దరు వేరువేరు మనుషుల్లా ఉన్నాం. ఫోన్‌లో నలభై నిమిషాలు సంగీతం వినిపించి, చివరికి సరిచేసిన కాపీ పంపారు.

తర్వాత ఫొటోలు. రెండు కావాలి, ఒకదాని వెనక 'ఈ మనిషే ఆ మనిషి' అని వృత్తి అర్హత ఉన్నవాళ్ళెవరైనా సంతకం చెయ్యాలి. మా వీధిలో ఫార్మసిస్టు అక్క ఉంది, గుంటూరావిడ. ఫొటో వెనక నున్నటి కాగితం మీద బాల్ పెన్ జారిపోయింది, జెల్ పెన్ను రాసిందిగానీ అక్క బొటనవేలు తగిలి నా పేరంతా అలుక్కుపోయింది. రెండో ఫొటో మీద అక్షరం అక్షరం రాసి, వేడి పాలు చల్లార్చినట్టు ఊదుతూ కూర్చుంది. మళ్ళీ స్టేషన్ దగ్గర బూత్‌కి పరిగెత్తి ఇంకో సెట్టు తీయించుకున్నా. అందులో నిజంగానే కేసులున్నదానిలా ఉన్నా.

అప్లికేషన్ పెట్టి 37 పౌండ్లు కట్టాక అమ్మకి ఫోన్ చేశా. చెప్పాలా వద్దా అని నెల రోజులుగా నానుస్తున్న విషయం. మా నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారని తెలిసి 1992లో మా ఊళ్ళోనూ లేచారు. అందులో అమ్మ ఉంది, అప్పుడే కాపురానికొచ్చిన పిల్ల. రాత్రిబడికి వెళ్ళి సంతకం నేర్చుకుందీ ఆ రోజుల్లోనే.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎంత కట్టినావమ్మే?" అంది.

"నాలుగు వేల చిల్లర."

"అంతేనా! మనూళ్ళో అంగడి లాటరీకి రెండు లక్షలు కట్టి పోగొట్టుకున్నోళ్ళు ఉండారు." 2024లో మందు షాపులకి లాటరీ తీసినప్పటి సంగతి అది, చీటీ తగలనివాళ్ళకి ఆ డబ్బు తిరిగి రాలేదు.

"అది అంగడికమ్మా, ఇది మనిషికి. పరీక్ష కూడా రాశాను."

"ఏం అడిగినారు?"

"తాగి తూలుతూ వచ్చినవాడికి అమ్మకూడదు, పిల్లలకి అమ్మకూడదు, అట్లాంటివి."

"అమ్మనంటే వాడు గమ్మునుంటాడా?"

ఉండడు. పోయిన శనివారం ఒకడు బాస్కెట్ విసిరాడు. అది అమ్మకి చెప్పలేదు.

"సంతకం ఏ భాషలో పెట్టినావు?" అంది ఫోన్ పెట్టేసే ముందు. తెలుగులోనే అన్నా. "సరే, అన్నం తిను" అంది. కోపం వచ్చిందో లేదో తెలీలేదు.

ఆరింటికి ఓనర్ ఫోన్, సాయంత్రం మనిషి రాలేదు, రెండు గంటలు చూసుకోమని. వెళ్ళా. ఎనిమిదికి ఒక పిల్లాడు నాలుగు సైడర్ (ఆపిల్ మద్యం) క్యాన్లు తెచ్చి పెట్టాడు, మూతి మీద ఇంకా నూగే. పాతికలోపు కనిపిస్తే ఐడీ అడగాలనేది మా షాపు నియమం. ఇంట్లో మర్చిపోయాడట. క్యాన్లు తిరిగి ఫ్రిజ్‌లో సర్ది, అమ్మనన్నవి రాసే రిఫ్యూజల్ పుస్తకం తీసి, టైము, సరుకు, కారణం రాసి సంతకం పెట్టా.