తంగేడు పూల సారం, డీపీపీహెచ్‌తో నా 11 రోజులు

నిన్న సాయంత్రం మా గైడ్ మేడం నా రీడింగుల పుస్తకం మీద సంతకం పెట్టారు. అమ్మయ్య!

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు తంగేడు పూలు తీసుకున్నాను. బతుకమ్మ నాటికి మా నల్లగొండ గుట్టల మీద ఎన్నంటే అన్ని దొరుకుతాయి. పూత, కాయ ఉన్న కొమ్మను బోటనీ సార్‌కు చూపించి సర్టిఫికెట్ తెచ్చుకోవడం, నీడన ఆరబెట్టడం, నీళ్లలో కాచి సారం తీయడం, అన్నీ తేలిగ్గానే అయిపోయాయి.

నన్ను ఏడిపించింది డీపీపీహెచ్ పరీక్ష, అంటే సారానికి యాంటీ ఆక్సిడెంట్ సత్తువ ఎంతుందో చూసేది. డీపీపీహెచ్ చిక్కటి ఊదారంగు ద్రావణం. యాంటీ ఆక్సిడెంట్ కలిస్తే రంగు విరిగి పసుపుకు తిరుగుతుంది. 30 నిమిషాలు చీకట్లో ఉంచి, 517 నానోమీటర్ల కాంతిని ఎంత ఆపుతుందో రీడింగ్ తీయాలి. రీడింగ్ తగ్గితే సత్తువ ఉన్నట్టు. విటమిన్ సితో చేస్తే చక్కగా వచ్చింది. నా సారానికి మాత్రం మోతాదు పెంచేకొద్దీ సత్తువ తగ్గుతున్నట్టు చూపించింది. ఎన్నిసార్లు చేసినా అంతే. ల్యాబ్ ఇన్‌చార్జి జూనియర్ల ముందే "పిపెట్ పట్టుకోవడం రాదు, పీజీ చేస్తుందట" అన్నాడు. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఆయన ఒక్కసారైనా క్యువెట్ (రీడింగ్ కోసం ద్రావణం పోసే చిన్న గొట్టం) ఎత్తి చూసింది లేదు. మాట అనేవాళ్లు ముందు వచ్చి చూడాలి కదా!

11వ రోజు క్యువెట్‌ను కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. బియ్యం కడిగిన నీళ్లలా మసక. నీటి సారం డీపీపీహెచ్ కలిపిన మెథనాల్‌లో పడగానే తెల్లగా విరుగుతోంది, ఆ మసకకే రీడింగ్ పెరుగుతోంది. 30 నిమిషాలయ్యాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తేట తీసుకున్నాను. సారానికే పసుపు రంగు ఉంది కాబట్టి ప్రతి మోతాదుకూ డీపీపీహెచ్ లేకుండా సారం మాత్రమే ఉన్న బ్లాంక్ పెట్టి, దాని రీడింగ్‌ను అసలు రీడింగ్‌లోంచి తీసేశాను. మోతాదుతో పాటు సత్తువ గీత పైకి లేచింది. మా బ్యాచ్‌లో ఆ బ్లాంక్ పెట్టింది నేనొక్కదాన్నే.

సేఫ్టీకి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక, ఒక్క డోసు విషప్రభావం చూసే అంతర్జాతీయ పద్ధతి ఓఈసీడీ 423 ప్రకారం ముందు మూడు, తర్వాత మూడు ఆడ ఎలుకలకు కిలో బరువుకు 2000 మి.గ్రా. ఇచ్చి 14 రోజులు చూశాం. ఒక్కటీ చనిపోలేదు. కానీ ఇది ఒక్క డోసు లెక్క. రోజూ తాగితే కాలేయం, కిడ్నీలు ఏమవుతాయో తేల్చడానికి 28 రోజుల, 90 రోజుల పరీక్షలు వేరే ఉన్నాయి. మా వీధిలో షుగర్ మాత్రలు మానేసి తంగేడు కషాయం తాగుతున్న పెద్దమ్మలకు చేతులు జోడించి చెప్తున్నాను, మాత్రలు మానకండి.

జూనియర్లూ, డీపీపీహెచ్ ఏ రోజుకారోజు కలుపుకోండి, సీసాకు ఫాయిల్ చుట్టండి. సెంట్రిఫ్యూజ్ గది తాళానికి ఇన్‌చార్జి దాకా వెళ్లక్కర్లేదు, అటెండర్ అన్నను అడిగితే ఇస్తాడు.