రబార్బర్ పప్పు, కలకండ టీ: చవక షాపులో దొరికిన మంచి తిండి

ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడ జర్మనీలో మా వీధి చివర ఉన్న ఆల్డీ అనే చవక సూపర్ మార్కెట్‌లో అడుగుపెట్టగానే నా కళ్ళు కూరగాయల వైపే పోతాయి, రబార్బర్ వచ్చిందా లేదా అని. ఎర్రటి పొడుగాటి కాడలు, బచ్చలి కాడ బొటనవేలంత లావెక్కితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. జర్మన్లు దాన్ని బోలెడు చక్కెర పోసి కేకుల్లో, జామ్‌లో వాడతారు. నేను పప్పులో వేస్తాను. రబార్బర్, మన చుక్కకూర ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు, పులుపు నాలుక్కి తగిలే తీరు కూడా చాలా దగ్గరగా ఉంటుంది. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, వారానికి మూడు రోజులు గోంగూర తిని పెరిగినదాన్ని, కాబట్టి పులుపు విషయంలో ఏదో సర్దుకుపోయి చెబుతున్న మాట కాదిది.

చేసే పద్ధతి చాలా తేలిక. అదే షాపులో రోటె లిన్జెన్ అని అరకిలో ప్యాకెట్లు ఉంటాయి, అవి మన మైసూర్ పప్పే, కుక్కర్ లేకుండా పావుగంటలో ఉడుకుతాయి. గ్లాసు పప్పుకి రెండు మూడు కాడలు కోసుకుని, పప్పు ముప్పాతిక వంతు ఉడికాక వెయ్యాలి, ఎందుకంటే ఐదారు నిమిషాల్లోనే అవి కరిగి కలిసిపోతాయి. పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు, చివర్లో వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు. పచ్చడి కూడా బాగుంటుంది గానీ ముక్కల్లోంచి నీరు విపరీతంగా ఊరుతుంది, ఆ నీరంతా ఇగిరి నూనె పైకి తేలేదాకా ఓపిగ్గా వేయించాలి, లేకపోతే రెండోరోజుకే పాడవుతుంది. ఒక్క జాగ్రత్త: ఆకులు విషం, అస్సలు తినకూడదు. షాపులో ఆకులు కోసేసే అమ్ముతారు, కానీ తోట ఉన్న తెలిసినవాళ్ళు ఎవరైనా ఆకులతో సహా ఇస్తే మాత్రం, కూర కదా అని ఉత్సాహంగా వండేయకండి.

మొన్నామధ్య మే నెలలో అమ్మ వచ్చినప్పుడు ఇదే పప్పు పెట్టాను. "పేరేంటే అమ్మాయ్ ఇది, నోరు తిరగట్లేదు" అంటూనే రెండోసారి వడ్డించుకుంది. "చుక్కకూరంత కమ్మగా లేదు గానీ బానే ఉందే" అంది. అమ్మ నోట బానే ఉందే అంటే అది పెద్ద మాటే.

నేను ఈ మాగ్డెబుర్గ్ ఊరికి 2017లో మాస్టర్స్ కోసం వచ్చాను. సీనియర్లు మొదటిరోజే చెప్పేశారు, కందిపప్పు, కారం, ఇంగువ ఇండియన్ షాపులో, మిగతావన్నీ డిస్కౌంటర్లో అని. ఇక్కడ చవక సూపర్ మార్కెట్లని డిస్కౌంటర్ అంటారు: ఆల్డీ, లిడిల్, పెన్నీ, నెట్టో, నోర్మా. చదువుకునే రోజుల్లో అక్కడే కొన్నాను, వేరే దారి లేదు కాబట్టి. ఉద్యోగం వచ్చాక మంచి తిండి తిందామని కొన్ని నెలలు పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను, నాలుగు రంగుల ప్యాకెట్లు, నున్నటి అరలు, చక్కటి లైట్లు. తర్వాత మళ్ళీ డిస్కౌంటర్‌కే వచ్చేశాను, ఈసారి డబ్బుల కోసం కాదు. ప్యాకెట్ మీద మాటలు చదవడం నేర్చుకున్నాను కాబట్టి. ఈ దేశంలో ప్యాకెట్ మీద రాసే చాలా మాటలకి అర్థమేంటో రూల్సే చెబుతాయి, అవి తెలిస్తే బ్రాండ్ పేరుతో పెద్దగా పనుండదు.

ముందు పాల దగ్గరనుంచి చెబుతాను, మనవాళ్ళు ఎక్కువగా బాధపడేది పెరుగు గురించే కాబట్టి. ఇక్కడి పెరుగు చప్పగా ఉంటుందని చాలామంది అంటారు, వాళ్ళు కొన్నది చూస్తే చాలాసార్లు యోగుర్ట్ మిల్డ్ అని ఉంటుంది. మిల్డ్ అంటే పులుపు తక్కువ వచ్చే బాక్టీరియాతో తోడుపెట్టినది. మిల్డ్ అన్న మాట లేని నాటుర్‌యోగుర్ట్, అంటే సాదా పెరుగు, 3.5 శాతం కొవ్వున్నది తీసుకుని, రెండు చెంచాలు గోరువెచ్చటి పాలల్లో తోడేసి, చలికాలమైతే గిన్నెకి తువ్వాలు చుట్టి హీటర్ పక్కన పెడితే, మర్నాటికి మన పెరుగే. పాలు ఏవైనా తోడుకుంటాయి, నెలల తరబడి నిలవుండే హా-మిల్ష్ కూడా.

పాల ప్యాకెట్ మీద, వెన్న మీద, పెరుగు డబ్బా మీద ఒక చిన్న కోడిగుడ్డు ఆకారం గుర్తు ఉంటుంది, లోపల డీఈ అనే అక్షరాలు, ఒక నంబరు. ఆ సరుకు చివరిగా ఏ డెయిరీలో తయారైందో, ప్యాకయిందో చెప్పే నంబరది, జాబితా ప్రభుత్వ సైట్లోనే ఉంటుంది. ఒకసారి ఫ్రిజ్‌లో టీవీలో బాగా ప్రకటనలిచ్చే కంపెనీ పెరుగు డబ్బా, డిస్కౌంటర్ సొంత బ్రాండ్ డబ్బా పక్కపక్కనే ఉంటే రెండూ తిప్పి చూశాను, ఒకటే నంబరు. ఒకే డెయిరీ అయినంత మాత్రాన లోపలి సరుకు అచ్చంగా ఒకటే అని చెప్పలేం, కంపెనీ కంపెనీకి చేసే పద్ధతి మారొచ్చు. కానీ చవకది ఎక్కడో మురికి షెడ్డులో చేస్తారేమో అన్న అనుమానం నాకు ఆరోజుతో పోయింది.

ఇక నెయ్యి. వెన్న మీద జ్యూస్‌రామ్ అని ఉంటే తియ్యటి మీగడతో తీసినది, మిల్డ్‌గెజోయెర్ట్ అని ఉంటే కొద్దిగా పులుపు చేర్చినది, జవర్‌రామ్ అని ఉంటే మీగడని పులియబెట్టి తీసినది. మనం పెరుగు చిలికి వెన్న తీస్తాం కదా, కాబట్టి మన నెయ్యి వాసన కావాలంటే పులిసిన రకమే తీసుకోవాలి. డిస్కౌంటర్లలో ఎక్కువగా మొదటి రెండు రకాలే ఉంటాయి, నేను మిల్డ్‌గెజోయెర్ట్ 250 గ్రాముల ముద్దలు నాలుగు ఒకేసారి కాస్తాను, సన్నటి సెగ మీద, అడుగున గోకుడు గోధుమ రంగుకి తిరిగి ఇల్లంతా వాసన కమ్ముకునేదాకా. దాదాపు ముప్పాతిక కిలో పైనే వస్తుంది. 2024 శరదృతువులో సొంత బ్రాండ్ వెన్న కూడా 2.39 యూరోలకి ఎక్కింది, ఆ రెండు మూడు నెలలు నెయ్యి చాలా పొదుపుగా వాడాను. ధర తగ్గిన వారం ఎనిమిది ముద్దలు తెచ్చేశాను.

చపాతీ పిండి గురించి చాలామంది అడుగుతుంటారు. పిండి ప్యాకెట్ మీద 405, 550, 1050 అని అంకెలుంటాయి. 100 గ్రాముల పిండిని కాలిస్తే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో దాన్నిబట్టి ఆ అంకె, అంటే పొట్టు ఎంత మిగిలిందో చెబుతుందన్నమాట. 405 మన మైదాలాంటిది. ఫోల్‌కోర్న్ అంటే పొట్టుతో సహా మొత్తం గింజ. నేను సగం ఫోల్‌కోర్న్, సగం 550 కలుపుతాను, నీళ్ళు మన ఆటాకి పోసేదానికంటే కాస్త తక్కువే పడతాయి. పూర్తిగా మన చపాతీలా రాదు, అది మాత్రం ఒప్పుకోవాలి, కానీ అరగంట నాననిస్తే మెత్తగానే ఉంటుంది.

మాట చదవకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. మొదటి నెలలో జీలకర్ర అనుకుని క్యూమెల్ అని రాసిన పొట్లం తెచ్చాను. చూడ్డానికి జీలకర్రే. చారు పెట్టాక ఏదో మందు వాసన, రూమ్మేట్లు ఇద్దరూ తినలేకపోయారు, గిన్నెడు చారు పారబోశాం, అప్పట్లో గిన్నెడు చారు పారబోయడం అంటే మనసుకి చాలా కష్టంగా ఉండేది. క్యూమెల్ వేరే గింజ, ఇక్కడ రొట్టెల్లో, క్యాబేజీలో వేస్తారు. మన జీలకర్ర పేరు క్రాయిట్స్‌క్యూమెల్. ముందున్న ఆ క్రాయిట్స్ అన్న మాట చూసుకోండి, కొత్తగా వచ్చినవాళ్ళందరికీ నేను మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు టీ. నేను ఇక్కడ కనుక్కున్నవాటిలో నాకు బాగా ఇష్టమైనది ఇది. చాలా ఏళ్ళు ఇండియా వెళ్ళినప్పుడల్లా రెండు కిలోల టీ పొడి సూట్‌కేసులో మోసుకొచ్చేదాన్ని. ఒకరోజు డిస్కౌంటర్ టీ అరలో కింద వరసలో ఓస్ట్‌ఫ్రీజెన్ టీ అని కనపడింది, సంచుల్లో కాకుండా విడి పొడి. జర్మనీ వాయవ్యం మూల, ఉత్తర సముద్రం ఒడ్డున ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ అని ఒక ప్రాంతం ఉంది, కాఫీ తాగే ఈ దేశంలో వాళ్ళు టీ మనుషులు, వాళ్ళు తాగే మిశ్రమంలో ఎక్కువ భాగం అస్సాం టీయే. అందుకే పాలు పోసి మరిగించినా రంగు, బలం పోవు. అల్లం దంచి వేసి మరిగిస్తే ఊళ్ళో సెంటర్లో తాగే టీ గుర్తొచ్చింది నాకు, నిజంగా. ప్యాకెట్ మీద ఎష్టర్ ఓస్ట్‌ఫ్రీజెన్‌టే అని ఉంటే ఆ ప్రాంతంలోనే కలిపినది అని అర్థం, మామూలుగా మిషుంగ్ అని ఉంటే ఆ తరహాలో ఇంకెక్కడైనా కలిపినది, మన టీకి రెండూ పనికొస్తాయి.

వాళ్ళు తాగే పద్ధతి కూడా నాకు చాలా నచ్చింది. కప్పులో ముందు క్లుంట్యె అనే పెద్ద చక్కెర పలుకు వేస్తారు, అది మన కలకండే. దాని మీద వేడి టీ పోస్తే చిటపటమని పగులుతుంది. తర్వాత చిన్న గరిటెతో కప్పు అంచునుంచి మీగడ వదులుతారు, కలపరు, మొదట మీగడ, తర్వాత చేదు, చివర్లో తీపి నాలుక్కి అందాలని. మూడు కప్పులు తాగడం ఆనవాయితీ. కలకండని గుళ్ళో ప్రసాదంగా, దగ్గుకి మందుగా మాత్రమే చూసిన నాకు టీ కప్పులో దాని చప్పుడు వినడం ఎంతో బాగుంది. ఆదివారం సాయంత్రాలు నేనూ అలాగే తాగుతున్నాను.

కాఫీ విషయంలో ఇంత ఆనందం లేదు. వేయించిన కాఫీ మీద జర్మనీలో కిలోకి 2.19 యూరోల ప్రత్యేక పన్ను ఉంది, ఎంత చవక ప్యాకెట్లోనైనా అది ఉండాల్సిందే, కాబట్టి మరీ చవకగా ఉన్న కాఫీలో గింజకి పెట్టిన డబ్బెంతో ఆలోచించుకోండి. ఫిల్టర్ డికాక్షన్ కోసం నేను ఇప్పటికీ ఇంటినుంచే తెచ్చుకుంటాను.

పళ్ళరసాల దగ్గర మాత్రం మళ్ళీ మాట చదవాల్సిందే. జాఫ్ట్ అంటే నూరు శాతం రసం, చక్కెర కలపకూడదు. నెక్టార్ అంటే పండుని బట్టి పాతిక నుంచి యాభై శాతం రసం, మిగతాది నీళ్ళు, చక్కెర. ఫ్రుష్ట్‌జాఫ్ట్‌గెట్రెంక్ అని పొడుగ్గా ఉంటే ఇంకా తక్కువ, నారింజ లాంటి పుల్లటి పళ్ళకి 6 శాతం ఉన్నా చాలు. మూడింటి బొమ్మా ఒకటే, కోసిన నారింజకాయ. మా ఇంట్లో యాపిల్ రసం డిరెక్ట్‌జాఫ్ట్, నాటుర్‌ట్రూబ్ అని రాసినదే కొంటాం, అంటే చిక్కబరచి మళ్ళీ నీళ్ళు కలపకుండా నేరుగా పిండినది, వడకట్టకుండా మసకగా వదిలేసినది. చల్లటి నీళ్ళు సగం కలుపుకుని తాగితే ఎండాకాలానికి అంతకంటే ఏం కావాలి. ప్లాస్టిక్ బాటిల్‌కి 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, ఖాళీవి షాపు మిషన్లో వేసి తిరిగి తెచ్చుకోవడం మర్చిపోవద్దు.

ఈ షాపులు ఇంత చవకగా ఎలా అమ్ముతాయని అమ్మ అడిగింది. సరుకు రకాలు తక్కువ, పెద్ద షాపులో పది వేలకి పైగా రకాలుంటే ఇక్కడ రెండు వేల దగ్గర. అట్టపెట్టెలు చింపి అలాగే పెట్టేస్తారు, అరలు సర్దే పని ఉండదు. బార్‌కోడ్ ప్యాకెట్ మీద పెద్దగా, రెండు మూడు వైపులా అచ్చు వేస్తారు, బిల్లు వేసే అమ్మాయి తిప్పి వెతుక్కోనక్కర్లేదు. ఆల్డీ కథ ఎస్సెన్ ఊళ్ళో ఒక తల్లి నడిపిన చిన్న కిరాణా కొట్టుతో మొదలైంది. ఆమె కొడుకులు కార్ల్, థియో ఆల్‌బ్రెష్ట్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాన్ని పెంచారు, సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న దగ్గర మాట కుదరక దేశాన్ని ఉత్తరం, దక్షిణంగా పంచుకున్నారని చెబుతారు. మా ఊరు ఉత్తరం వాటాలో ఉంది. అమ్మ అంతా విని "అన్నదమ్ములు ఎక్కడైనా అంతేలే" అంది.

అన్నీ బాగుంటాయని చెప్పను. చలికాలం టమాటాల్లో రుచుండదు, చారుకైతే డబ్బాలో వచ్చే తొక్క తీసిన టమాటాలే నయం. ఇండియన్ కర్రీ అని సీసాల్లో వచ్చే సాస్‌లు తియ్యగా ఉంటాయి, కొనొద్దు. బాస్మతి ఉంటుంది గానీ రోజూ తినడానికి సోనామసూరి కోసం ఇండియన్ షాపుకి వెళ్ళాల్సిందే, మరి బెండకాయలు, దొండకాయలు సంగతి సరేసరి. నూల్‌కోల్ మాత్రం ఇక్కడ కోల్‌రాబి పేరుతో మనకంటే లేతగా దొరుకుతుంది, శనగపప్పు వేసి కూర చేసుకోండి. శనివారం రాత్రి మూసే ముందు వెళ్తే, ఆదివారం షాపులుండవు కాబట్టి, తేదీ దగ్గర పడ్డ వాటి మీద తగ్గింపు స్టిక్కర్లు ఉంటాయి. పాలు, పనీర్ లాంటివి నేను అప్పుడే తెస్తాను.

రబార్బర్ కోత మాత్రం జూన్ 24తో ఆపేస్తారు. ఆ తర్వాత కాడల్లో ఆక్సాలిక్ ఆమ్లం పెరుగుతుంది, మొక్కకీ విశ్రాంతి కావాలి. ఇంకా మూడు వారాలుంది. ఈ గురువారం ఇంకో రెండు కిలోలు తెచ్చి, ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టాలి, ముందు అందులో ఉన్న పోయినేడాది మామిడికాయ ముక్కల డబ్బా ఖాళీ చేయాలి.