సాలూరి వారి బాణీకి జాజ్ కార్డులు

కొరాపుట్ నుంచి సుంకి ఘాట్ దిగితే సాలూరు. ఆ పక్కనే శివరామపురంలో 1922లో పుట్టిన సినీ సంగీత దర్శకులు సాలూరి రాజేశ్వరరావు గారి బాణీల్ని జాజ్‌లో రికార్డు చేస్తున్న మన కొరాపుట్, జయపురం కుర్రాళ్ళ కోసమే ఇది. మొన్నటి రిహార్సల్ విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

శుద్ధసావేరి రాగంలోని బాణీ తీసుకోండి. స రి మ ప ద, అంతే. సి శ్రుతిలో అయితే సి, డి, ఎఫ్, జి, ఏ. కీబోర్డు వాళ్ళు అలవాటుగా సి మేజర్ సెవెన్ కార్డు (కార్డు అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) పట్టగానే రాగంలో లేని గాంధారం (గ), నిషాదం (ని) దూరిపోతాయి. ఆ గాంధారం పాటలోని మధ్యమానికి (మ) అరస్వరం దూరంలో నిలబడి గీరుకుంటుంది. దాని బదులు సి సస్ ఫోర్ కార్డు (సి, ఎఫ్, జి) పట్టి, పైన డి, ఏ కలపండి. రాగం మొత్తం అందులోనే ఉంది. ఎఫ్ సిక్స్ నైన్ కార్డులోనూ అవే ఐదు స్వరాలు. కానీ దాని మీద ఎక్కువసేపు నిలబడితే చెవికి మధ్యమమే షడ్జమం (స) అయిపోయి, పాట మోహన రాగంలోకి జారిపోతుంది. అందుకే బేస్ గిటార్ సి, జి వదలకూడదు. వాకింగ్ బేస్ (దెబ్బకో స్వరం మారుస్తూ నడిపే బేస్) సరదా సోలోలో తీర్చుకోవచ్చు, పల్లవిలో మాత్రం వద్దు.

సాక్సఫోన్‌లో రాసే స్వరం ఒకటి, మోగేది ఇంకొకటి కాబట్టి ఈ సి శ్రుతి పాటకి ఆల్టో సాక్సఫోన్ నొటేషన్ ఏ లో రాయాలి, టెనర్‌కి డి లో. డ్రమ్స్‌కి కర్రల బదులు బ్రష్‌లు చాలు.

అన్నిటికన్నా ముఖ్యం గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం. స్వింగ్ (జాజ్‌లోని ఊగే లయ) కోసం స్వరాన్ని ముక్కలు చేశారా, రిషభం మీది ఊపు పోయినట్టే. పల్లవి మొదటిసారి సంగతులతో (ఒకే వరుసని మార్చి మార్చి పాడే తీరులతో) సహా మామూలు నడకలోనే వాయించండి. స్వింగ్ రెండోసారికి ఎత్తుకోవాలి. సోలో మాత్రం ఆ సంగతులు నోటితో పాడగలిగిన వాళ్ళకే ఇవ్వండి.