ప్రోటీన్ ఉన్న చోటు వేరు, జన్యువు పనిచేసే చోటు వేరు: నెట్ ప్రిపరేషన్‌లో నేను తడబడిన పాఠం

పరిశోధన ఫెలోషిప్‌కూ అధ్యాపక అర్హతకూ పెట్టే సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులకు, ముఖ్యంగా మా పాలమూరు, నల్లగొండ వైపు నుంచి తెలుగు మీడియం డిగ్రీతో వచ్చి ఈ సిలబస్‌తో కుస్తీ పడుతున్న వారికి, కణాలను అతికించి ఉంచే గ్లైకోప్రొటీన్ల గురించి రాస్తున్నాను.

మొదట వీటిని నేను పట్టిక వేసుకుని బట్టీ పట్టాను. ఫలితం ఒక నమూనా పరీక్షలో తెలిసింది. రక్తఫలకికల (ప్లేట్‌లెట్ల) లోపలి ఆల్ఫా రేణువులనే చిన్న సంచుల్లో ఉండే ప్రోటీన్లలో, ఆ ఫలకికలకు పుట్టుకనిచ్చే మెగాకారియోసైట్ కణం సొంతంగా తయారు చేసుకోనిది ఏదని అడిగితే, వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ అని గుర్తించాను. సరైన జవాబు ఫైబ్రినోజన్. రెండూ రక్తం గడ్డకట్టడానికి తోడ్పడేవే, ఆ రేణువుల్లోనే ఉంటాయి. అయితే 4వ క్రోమోజోముపై పక్కపక్కనే ఉన్న మూడు ఫైబ్రినోజన్ జన్యువులు ప్రధానంగా కాలేయ కణాల్లో వ్యక్తమవుతాయి, తయారైన ప్రోటీన్‌ను మెగాకారియోసైట్లు, ఫలకికలు ప్లాస్మా నుంచి తీసుకుని దాచుకుంటాయి. మిర్యాలగూడ పొలంలో సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారుతున్నాయని కృష్ణమ్మ అక్కడే పుట్టిందని ఎవరూ అనరు కదా, నేను సరిగ్గా ఆ మాటే అన్నాను. ప్రశ్నపత్రంలోని పార్ట్ సీలో అలాంటి తప్పుకు 4 మార్కులు రాకపోగా, ఉన్నవాటిలో ఒకటి పోతుంది.

అప్పటి నుంచి ప్రశ్నలో ఏ పరీక్ష పద్ధతి చెప్పారో ముందు చూడటం అలవాటు చేసుకున్నాను. యాంటీబాడీ ప్రోటీన్ ఉన్న చోటును చూపుతుంది, ఇన్‌సిటు హైబ్రిడైజేషన్ జన్యువు నకలైన ఎం-ఆర్‌ఎన్‌ఏ ఉన్న కణాన్ని, అంటే జన్యువు పనిచేసే చోటును చూపుతుంది.

ఎక్కువ సమయం పెట్టవలసింది, కణాలను చుట్టూ ఉన్న పోగులకు అతికించే ఫైబ్రోనెక్టిన్‌పైన. 2వ క్రోమోజోముపై ఉన్న ఒకే జన్యువు నుంచి, స్ప్లైసింగ్ (ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కత్తిరించి అతికించడం) తేడా వల్ల రెండు రకాలు వస్తాయి: కాలేయ కణాలు ఈడీఏ, ఈడీబీ అనే ఎక్సాన్లను (అలాంటి ముక్కలను) వదిలేసి, రక్తంలో కరిగి తిరిగే రూపాన్ని మిల్లీలీటరుకు సుమారు 300 మైక్రోగ్రాముల మేర నిలిపి ఉంచుతాయి; సంధాయక కణజాలంలోని ఫైబ్రోబ్లాస్టు కణాలు, ముఖ్యంగా పిండదశలోనూ గాయం మానేటప్పుడూ, ఆ ఎక్సాన్లను చేర్చుకున్న రూపాన్ని తయారు చేసి తమ చుట్టూ పోగులుగా అల్లుతాయి. జన్యువు ఎక్కడ వ్యక్తమవుతుందన్న ప్రశ్నకు ఇక్కడ "ఏ రూపంలో" అన్నది కూడా కలుస్తుంది.

ఇలాగే అతికించే మరో ప్రోటీన్ విట్రోనెక్టిన్ ప్రధానంగా కాలేయానిదే, దానిపై ఒక్క వాక్యం చాలు. కణాల పొరల కింద ఉండే ఆధారత్వచంలో మూడు గొలుసులతో ఏర్పడే ల్యామినిన్‌ను మాత్రం వ్యాధులతో కలిపి చదవండి. ఆల్ఫా-2 గొలుసు లోపిస్తే పుట్టుకతో వచ్చే కండర క్షీణత, బీటా-2 లోపిస్తే మూత్రపిండ వడపోత దెబ్బతినే పియర్సన్ సిండ్రోమ్, 332 రకం లోపిస్తే చర్మం బొబ్బలెక్కి ఊడటం వస్తాయి కాబట్టి, ఏ గొలుసు ఏ ఆధారత్వచానిదో వేరే గుర్తుపెట్టుకోనక్కర లేకపోయింది.

తర్వాత నాకు సిర్రోసిస్ మీద ఒక ప్రశ్న ఎదురైంది. కాలేయం ముదిరి చెడినప్పుడు ఫైబ్రినోజన్ తగ్గుతుంటే వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ ఎందుకు పెరుగుతుందని అడిగారు. అది తయారయ్యేది కాలేయ కణాల్లో కాదు, రక్తనాళాల లోపలి పొరలోని ఎండోథీలియల్ కణాల్లోనూ మెగాకారియోసైట్లలోనూ అని తెలిసి ఉండటంతో, ఈసారి తడుముకోలేదు.