నాన్న ఇంజెక్షన్, మా బీపీ పుస్తకం

నాన్నకి పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కి కూడా పాకింది. కీమోతో పాటు బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ రాశారు. రెండు వారాలకోసారి పొద్దున్నే కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగేవాళ్లం.

ఇదీ కీమోనే అనుకున్నా. కాదట. గడ్డ పెరగాలంటే రక్తం కావాలి, అందుకని అది వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ వదిలి చుట్టూ ఉన్న మామూలు రక్తనాళాల నుంచి తనవైపు కొత్త కొమ్మలు మొలిపించుకుంటుంది, ఈ మందు ఆ ప్రోటీన్‌ని పట్టేస్తుంది. ఫోక్‌మన్ అనే సర్జన్ 1971లోనే ఈ దారి చూపించినా, అమెరికాలో ఈ మందుకి అనుమతి వచ్చింది 2004లో. నాన్న వ్యవసాయం చేసిన మనిషి. క్యాన్సర్ డాక్టర్ మేడం చెప్పింది విని, “అంటే కలుపుకి నీళ్లు పోకుండా మడవ కట్టేస్తున్నారన్నమాట” అన్నారు.

మూడోసారి వెళ్లినప్పుడు బీపీ 170 ఉంది. నాకు చాలా టెన్షన్ వచ్చింది. ఈ మందుతో బీపీ పెరగడం మామూలేనట, మాత్ర మొదలుపెట్టారు, మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో కూడా చూశారు. ఆ సాయంత్రమే బీపీ మెషిన్ కొన్నాం, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూసి పుస్తకంలో రాయడం నా పని.

అసలు భయపడింది పన్ను దగ్గర. దవడ పన్ను నొప్పి పుడితే నాన్న నాకు చెప్పకుండా సందు చివర క్లినిక్‌కి వెళ్లి పీకించుకోడానికి కుర్చీలో కూర్చున్నారు. అమ్మ ఫోన్ చేస్తే మేడంని అడిగాను, వెంటనే ఆపమన్నారు. కొత్త నాళాలు రాకపోతే గాయం మానదు, దవడ ఎముక కూడా దెబ్బతినొచ్చు. మొదటిరోజు మా చేతికిచ్చిన కాగితంలో ఈ ముక్క లేదు. ఉండి తీరాలి. ఇది వాడుతున్నవాళ్లు పన్ను తీయించుకునే ముందు క్యాన్సర్ డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

గడ్డకి అండగా ఉన్న మిగతా కణాల్ని కూడా తీసేయొచ్చు కదా అని ఒకసారి అడిగాను. ఫైబ్రోబ్లాస్టులని ఉంటాయి, గడ్డ చుట్టూ గట్టి పీచులా అల్లుకుంటాయి. 2014లో క్లోమం క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో వాటిని తీసేసి చూస్తే జబ్బు ఇంకా ముదిరిందట. వాటిలో కొన్ని గడ్డని అదుపులో కూడా పెడతాయట. అందుకే ఇప్పుడు చంపడం కన్నా వాటి తీరు మార్చే మందుల మీద పని జరుగుతోందన్నారు.

లివర్‌లో మచ్చలు తగ్గాయి, ఆపరేషన్ అనుకుంటున్నారు. దానికి ముందు కనీసం 28 రోజులు ఈ ఇంజెక్షన్ ఉండకూడదు, ఆపేశారు. పుస్తకంలో బీపీ పక్కన రోజులు కూడా రాస్తున్నా. ఇవాళ్టికి 19.